మెగ్గర్‌లో సున్నా వచ్చింది, లైట్ల వైరింగ్ మొత్తం మార్చమంటున్నారు – తప్పు తీగలదా, 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్లదా?

కొండాపూర్_కిట్టు
మూడు బెడ్‌రూముల ఫ్లాటు. హాల్లో ఫాల్స్ సీలింగ్, దాని అంచులో 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్, దానికి రెండు ఎస్‌ఎంపీఎస్‌లు (230ని 12 వోల్టుల డీసీగా మార్చే డబ్బాలు, ఒక్కోటి 5 ఆంపియర్లు). షోకేసులో ఆరు ఎంఆర్16 స్పాట్ లైట్లు (చిన్న 12 వోల్టుల బల్బులు), ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్ల మీద. పూజగదిలో పాతకాలపు బరువైన చుట్టల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, 100 వీఏ. బాల్కనీ గోడకి రెండు లైట్లు. ఇవన్నీ కలిపి ఒకే 10 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడే స్విచ్).

వానలు మొదలైన దగ్గర్నుంచి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఎర్త్‌లోకి కరెంటు లీకైతే పడే స్విచ్) పడిపోతోంది. ఎక్కువగా గీజర్ వేసినప్పుడే. గీజర్ ఎలిమెంటు మార్చాం, అయినా అదే తంతు. లైట్ల ఎంసీబీ ఆఫ్ చేసి ఉంచినా పడుతోంది. ఎండ కాసిన రోజు ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (తీగల ఇన్సులేషన్ కొలిచే మీటరు) తెచ్చి 500 వోల్టుల మీద పెట్టాడు: ఫేజ్-న్యూట్రల్ 0.00, న్యూట్రల్-ఎర్త్ 0.43 మెగోమ్ (మెగోమ్ అంటే పది లక్షల ఓమ్‌లు). "తీగలన్నీ పోయాయి, సీలింగ్ కోసి కొత్తవి లాగాలి" అంటున్నాడు. నిజంగా తీగలేనా?

ఫేజుటెస్టర్
కొలిచేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లు, ఎస్‌ఎంపీఎస్‌లు ఊడదీశాడా? డీబీలో (ఎంసీబీలుండే పెట్టెలో) సర్జ్ పెట్టె, అంటే ఎస్‌పీడీ, ఉందా? ఇన్వర్టర్ ఉందా? ఈ మూడూ చెప్పకుండా 0.00 అంటే అర్థం లేదు.

కొండాపూర్_కిట్టు
ఏదీ ఊడదీయలేదు. ఐసోలేటర్ (మెయిన్ స్విచ్) ఆఫ్ చేసి, ఆర్‌సీసీబీ ఆన్‌లోనే ఉంచి డీబీలో మీటరు పుల్లలు పెట్టాడు. ఎస్‌పీడీ ఉంది, ఐసోలేటర్ దాటాక కట్టారు. ఇన్వర్టర్ ఉంది, దాని స్విచ్ ఆపాడు.

గోదారి_వైర్‌మ్యాన్
అయితే ఆ రెండు అంకెలూ తీగలవి కావండి. మొదటిది పూజగదిది. 100 వీఏ చుట్టల ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ అంటే రాగి తీగే కదా, డీసీకి ఇరవై ముప్పై ఓమ్‌లు ఉంటుంది. మెగ్గర్ ఇచ్చేది డీసీ. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ముప్పై ఓమ్‌లు ఉంటే మెగోమ్‌ల స్కేలు మీద 0.00 కాక ఇంకేం వస్తుంది? ఆ ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ ఆన్‌లో ఉండి ఉంటుంది. ఆఫ్ చేస్తే అంకె మారిపోయేది.

డీబీ_డబ్బా
రెండో అంకె, 0.43, ఇంకా బాగుంది. ఎస్‌పీడీలో వేరిస్టర్ (వోల్టేజీ ఒక హద్దు దాటితే కరెంటుని పోనిచ్చే భాగం) ఉంటుంది. 275 వోల్టుల ఏసీ రకం సుమారు 430 వోల్టుల డీసీ దగ్గర 1 మిల్లీ ఆంపియర్ లాగడం మొదలెడుతుంది. మామూలు మెగ్గర్ ఇచ్చేదే ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు. 430 వోల్టులని 1 మిల్లీ ఆంపియర్‌తో భాగించండి, 0.43 మెగోమ్. అంకె కూడా అచ్చంగా అదే.

డిజిటల్ మెగ్గర్ అయితే తెర మీద పక్కన అసలు వోల్టేజీ చిన్న అంకెల్లో చూపిస్తుంది. తీగ బాగుంటే 500 కాస్త దాటి నిలబడుతుంది. 430 దగ్గర ఆగిపోయిందంటే వేరిస్టర్ అని పది మందిలో తొమ్మిది మంది చెప్పేస్తారు. 20, 30కి పడిపోతే అప్పుడు తీగో, తడో. ఆ చిన్న అంకెని ఎవరూ చూడరు, నా బాధ అదే.

ఓమ్_శాంతి
వేరిస్టర్ న్యూట్రల్-ఎర్త్ మధ్య ఉన్న రకం ఎస్‌పీడీ అయితేనే ఈ లెక్క. కొన్నిట్లో న్యూట్రల్-ఎర్త్ మధ్య గ్యాస్ ట్యూబు పెడతారు, అది 500కి మామూలుగా కదలదు. ఏదైనా సరే, దాన్ని తీసేసి కొలవడమే పద్ధతి. చాలా ఎస్‌పీడీల్లో కార్ట్రిడ్జి పైకి లాగితే వచ్చేస్తుంది, స్క్రూ కూడా విప్పక్కర్లేదు.

కరీంనగర్_కరెంటోడు
గిదంతా ఎందుకన్నా, ఫేజ్ న్యూట్రల్ రెండూ కలిపి ఒక పుల్ల, ఎర్త్‌కు ఒక పుల్ల. గట్ల పెడితే డ్రైవర్లు (ఎల్‌ఈడీలకు కరెంటిచ్చే డబ్బాలు) ఊడదీసే పనే లేదు. రెండు వైపులా ఒకటే వోల్టేజీ, లోపల ఏదీ కాలదు. సీలింగ్ మీద నలభై డ్రైవర్లు ఉంటే అన్నీ ఎవడు ఊడదీస్తడు?

గోదారి_వైర్‌మ్యాన్
ఎర్త్ పరీక్ష వరకూ మీరన్నది సరే, నేనూ మొదట అదే చేస్తాను. కానీ దాంతో ఫేజ్-న్యూట్రల్ మధ్య తీగ సంగతి తెలీదు కదండీ. ఆ పరీక్ష డ్రైవర్లు ఉండగా 500 మీద పెడితే మాత్రం ఖర్చే. 230 ఏసీ శిఖరం 325 వోల్టులు, లోపల కెపాసిటర్ 400 వోల్టులది వేస్తారు. దాని మీద 500 డీసీ నిమిషం సేపు తొక్కిపెడితే కొన్ని బతుకుతాయి, కొన్ని అప్పటికి బతికినట్టుండి నెలకి పోతాయి. తర్వాత తిట్లు మనకే.

ఇంకోటి, ఎర్త్ తీగ ఉన్న మెటల్ బాడీ ఎస్‌ఎంపీఎస్‌లలో ఎర్త్‌కి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి డీసీని ఆపుతాయి గానీ నిండడానికి కాసేపు పడుతుంది. అందుకే అంకె మొదట తక్కువ చూపించి తర్వాత పైకి పాకుతుంది. మొదటి సెకనులో కనబడ్డది రాసుకోకూడదు. నిమిషం ఆగాలి. బటన్ వదిలాక అది డిశ్చార్జి అయ్యేదాకా పుల్లలు తీయకూడదు, లేదంటే వేలికి తగిలి నిచ్చెన దిగే పద్ధతి మారిపోతుంది.

లెస్టర్_తెలుగోడు
ఇక్కడ బ్రిటన్ నిబంధన బీఎస్ 7671లో కరీంనగర్ అన్న మాటకి దగ్గర్లో ఒక వెసులుబాటు ఉంది. సర్జ్ పరికరాలు ఊడదీయడం సాధ్యం కాకపోతే ఆ సర్క్యూట్‌కి 250 వోల్టుల డీసీతో కొలవచ్చు, కానీ 1 మెగోమ్‌కి తగ్గకూడదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364-6లో కూడా అదే. మన దేశపు వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732 కూడా 2019 కూర్పులో ఐఈసీ దారే పట్టింది: మామూలు 230 వోల్టుల సర్క్యూట్‌కి 500 డీసీ, కనీసం 1 మెగోమ్. విడిగా ఉండే 12 వోల్టుల వైపుకి 250 డీసీ, కనీసం 0.5 మెగోమ్.

పాత_లైసెన్సు
మేం చదువుకున్నది 50ని పాయింట్ల (లైట్లు, ఫ్యాన్లు, సాకెట్లు) సంఖ్యతో భాగించాలని. 25 పాయింట్లుంటే 2 మెగోమ్. మొత్తం ఇంటికి 1కి మించి అడగక్కర్లేదు. ఈ సర్క్యూట్‌కి ఎన్ని పాయింట్లు?

ఓమ్_శాంతి
అది పాత ఐఎస్ 732 లెక్క సార్. దాని వెనక తర్కం మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. పాయింట్లు పెరిగితే లీకేజీ దారులన్నీ పక్కపక్కన చేరి మొత్తం అంకె తగ్గుతుంది. అందుకే మూడు పాయింట్ల సర్క్యూట్‌లో 5 మెగోమ్ వస్తే అనుమానించాలి, ముప్పై పాయింట్లది 5 వస్తే ఊరుకోవచ్చు.

న్యూట్రల్_నాయుడు
అసలు ప్రశ్న పక్కకి పోయింది. ఎంసీబీ ఆఫ్‌లో ఉన్నా ఎందుకు పడుతోంది? గీజర్ వేస్తేనే ఎందుకు? ఈ రెండూ కలిపి చూస్తే జవాబు అక్కడే ఉంది. న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కి తగులుతోంది.

మన డీబీల్లో ఎంసీబీ ఫేజ్‌ని మాత్రమే కోస్తుంది. న్యూట్రల్ తీగ లింకులో (న్యూట్రళ్లన్నీ కలిసే పట్టీలో) అలాగే ఉంటుంది. కాబట్టి లైట్ల ఎంసీబీ ఆపినా ఆ సర్క్యూట్ న్యూట్రల్ ఆర్‌సీసీబీని వదల్లేదు. ఇప్పుడు గీజర్ 2000 వాట్లు, దాదాపు 9 ఆంపియర్లు. అది న్యూట్రల్‌లో తిరిగి పోతున్నప్పుడు ప్యానెల్ దాకా ఉన్న తీగలో మూడు వోల్టులు పడిందనుకోండి. అంటే ఇంట్లో న్యూట్రల్ ఎర్త్ కంటే 3 వోల్టులు పైన ఉంది. తగిలిన చోట 100 ఓమ్‌లు ఉంటే 30 మిల్లీ ఆంపియర్లు ఎర్త్‌లోకి పోతాయి. ఆర్‌సీసీబీ 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు. గీజర్ ఆఫ్‌లో ఉంటే న్యూట్రల్ మీద వోల్టేజీ అర వోల్టు కూడా ఉండదు, కాబట్టి నిలుస్తుంది. ఇస్త్రీపెట్టె వేసినా, ఏసీ వేసినా అదే జరుగుతుంది, చూడండి. గీజర్ నిరపరాధి, పాపం దాని ఎలిమెంటు అన్యాయంగా పోయింది.

కొండాపూర్_కిట్టు
అవును, ఇస్త్రీపెట్టెకి కూడా పడింది! మేం ఇస్త్రీపెట్టె కూడా మార్చాలేమో అనుకుంటున్నాం.

ఫేజుటెస్టర్
ఆగండి ఆగండి, మిక్సీ దాకా రాకముందే దొరికింది.

కరీంనగర్_కరెంటోడు
నాయుడన్నా, గట్లయితే మెగ్గర్‌ల న్యూట్రల్-ఎర్త్ సున్నా రావాలె గద. 0.43 వచ్చింది. 100 ఓమ్‌లు ఉంటే 430 వోల్టులు నిలబడుతదా?

న్యూట్రల్_నాయుడు
మంచి పాయింటు. కొలిచింది ఎండ రోజున. వానకి తడిస్తే ఓ వంద ఓమ్‌లు, ఆరితే మెగోమ్‌లు. బయటి లైటు ఏదో అనుకుంటా. సర్క్యూట్ల వారీగా న్యూట్రళ్లు విప్పి కొలిస్తే తేలుతుంది.

కొండాపూర్_కిట్టు
రేపు ఇంకో ఎలక్ట్రీషియన్ వస్తున్నారు, డిజిటల్ మెగ్గర్ ఉందట. ఆయనకి ఏం చెప్పాలో వరసగా రాసి పెట్టరూ.

గోదారి_వైర్‌మ్యాన్
ఐసోలేటర్ ఆఫ్ చేసి ఎవరూ వేయకుండా టేపు వేయండి. తర్వాత ఇన్వర్టర్. దాని స్విచ్ ఆపితే చాలదు. ఇన్వర్టర్‌కి వచ్చే కరెంటు నేరుగా లోపలినుంచి దాటిపోతుంది, ఎవరైనా ఆ స్విచ్ వేస్తే మెయిన్ లేకున్నా బ్యాటరీ మీద లైట్ల ఫేజ్ బతుకుతుంది. అవుట్‌పుట్ తీగలు రెండూ విప్పి పక్కకి పెట్టాలి. లేకపోతే రెండు ప్రమాదాలు: మనిషికి షాకు, ఇన్వర్టర్ బోర్డుకి మెగ్గర్ 500. ఆ తర్వాత టెస్ట్ ల్యాంపుతో ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ చచ్చాయని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. లైన్ టెస్టర్ స్క్రూడ్రైవర్ని నమ్మొద్దు.

ఎస్‌పీడీ కార్ట్రిడ్జి లాగేయండి. లైట్ల సర్క్యూట్ ఫేజ్‌ని ఎంసీబీ కింద నుంచి, దాని న్యూట్రల్‌ని లింకు నుంచి విప్పండి. ఆర్‌సీసీబీలో నుంచి కొలవద్దు, ఎలక్ట్రానిక్ రకమైతే లోపలి బోర్డు పోవచ్చు. లింకులో ఏ న్యూట్రల్ ఏ ఎంసీబీదో చాలా డీబీల్లో గుర్తు ఉండదు. ఒక్కోటి విప్పుతూ టేపు మీద అంకె వేసుకోవడం మేలు.

ఇప్పుడు లైట్ల వైపు. ఎల్‌ఈడీ బల్బులు హోల్డర్ల నుంచి తీసెయ్యాలి. ఎస్‌ఎంపీఎస్‌లూ, ట్రాన్స్‌ఫార్మర్లూ ఇన్‌పుట్ దగ్గర ఊడదీసి ఆ తీగ కొసలు విడివిడిగా కనెక్టర్‌లో పెట్టి వదిలెయ్యాలి. ఫ్యాన్ రెగ్యులేటర్ ఎలక్ట్రానిక్‌దైతే అది కూడా. స్విచ్‌లన్నీ ఆన్‌లో ఉండాలి, లేకపోతే స్విచ్ దాటాక ఉన్న తీగ పరీక్షలోకి రాదు. టూ-వే స్విచ్‌లుంటే ఒక్కోదాన్ని తిప్పి మళ్లీ కొలవాలి.

కొలిచే వరస: ఫేజ్ న్యూట్రల్ కలిపి ఎర్త్‌కి, 250 మీద ఒకసారి, బాగుంటే 500. తర్వాత ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ విడివిడిగా. చివర్న ఫేజ్-న్యూట్రల్.

డీబీ_డబ్బా
ఫేజ్-న్యూట్రల్‌లో ఇంకో దొంగ: మాడ్యులర్ స్విచ్‌ల ఇండికేటర్. చిన్న నియాన్ బల్బూ దానికో రెసిస్టరూ. ఒక్క స్విచ్ ఉన్నా పావు మెగోమ్ లోపే చూపిస్తుంది. దాన్ని చూసి తీగ మార్చినవాళ్లున్నారు. ఇండికేటర్ న్యూట్రల్ తీగ విప్పి కొలవాలి.

ఓమ్_శాంతి
స్మార్ట్ స్విచ్ మాడ్యూళ్లు, కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్, మోషన్ సెన్సర్ కూడా. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ ఎప్పుడూ తగిలి ఉండేది ఏదైనా ఈ లెక్కలోకే వస్తుంది. బెల్ ట్రాన్స్‌ఫార్మర్ని అందరూ మర్చిపోతారు, ఎక్కడో తలుపు పైన గోడలో కూర్చుని ఉంటుంది.

కొత్తగా_చేరా
మామూలు మల్టీమీటర్ 20 మెగోమ్‌ల దాకా చూపిస్తుంది కదా, దాంతో కుదరదా?

డీబీ_డబ్బా
మల్టీమీటర్ ఓమ్‌లు కొలిచేటప్పుడు ఇచ్చేది ఒకటి రెండు వోల్టులు. టేపు పగిలి అర మిల్లీమీటరు ఎడంలో రాగి ఉన్నా ఆ వోల్టుకి అది బాగానే కనబడుతుంది. 500 పెడితే ఆ తడి, ఆ దుమ్ము, ఆ కాలిన పీవీసీ అన్నీ బయటపడతాయి. మల్టీమీటర్‌లో సున్నా వస్తే తప్పు ఖాయం. బాగుందని వస్తే మాత్రం అది సాక్ష్యం కాదు.

కొండాపూర్_కిట్టు
కొలిచారు. ఎండగానే ఉంది ఇవాళ కూడా. అన్నీ ఊడదీశాక, 500 మీద, నిమిషం ఆగి:

బెడ్‌రూముల లైట్ల సర్క్యూట్ – మూడు కొలతలూ 200 మెగోమ్ పైనే, మీటరు స్కేలు దాటేసింది.
హాలు-బాల్కనీ సర్క్యూట్ – ఫేజ్-న్యూట్రల్ 180, ఫేజ్-ఎర్త్ 150, న్యూట్రల్-ఎర్త్ 1.6.

ఆయన 1 దాటింది కాబట్టి పాస్ అంటున్నారు.

లెస్టర్_తెలుగోడు
కాగితం మీద పాసే.

న్యూట్రల్_నాయుడు
కాగితం వానలో తడవదు కదండీ. పక్క సర్క్యూట్ అదే ఇల్లు, అదే తీగ, అదే వయసు, 200 పైన. అదే సర్క్యూట్‌లో ఫేజ్ 150, న్యూట్రల్ మాత్రం 1.6. వంద రెట్ల తేడాకి కారణం ఉండి తీరాలి. 1 మెగోమ్ అనేది కింద గీత, ఆరోగ్యానికి గుర్తు కాదు. బాల్కనీ లైట్ల బ్రాకెట్ల మీద బాటిల్‌తో నీళ్లు చల్లి పది నిమిషాలాగి మళ్లీ కొలవమనండి. డీబీ చచ్చి ఉండగానే.

పాత_లైసెన్సు
నీళ్లు చల్లి పరీక్షించడం ఏ పుస్తకంలోనూ లేదు.

న్యూట్రల్_నాయుడు
వాన కూడా పుస్తకం చదివి కురవదు సార్.

ఓమ్_శాంతి
చల్లే ముందు సర్క్యూట్‌ని సగానికి విడగొట్టండి, పని తగ్గుతుంది. హాలు నుంచి బాల్కనీకి వెళ్లే న్యూట్రల్ ఏ బాక్సులో కలుస్తుందో అక్కడ విప్పి రెండు వైపులా కొలవడమే. ఎటు వైపు 1.6 ఉంటే అటు వెళ్లాలి. ఇరవై పాయింట్ల సర్క్యూట్‌లో కూడా నాలుగైదు సార్లు సగం చేస్తే ఒక్క పాయింటుకి చేరతాం. సీలింగ్ కోయాల్సిన అవసరం ఉందో లేదో అప్పుడు తేలుతుంది.

కొండాపూర్_కిట్టు
దొరికింది! హాలు వైపు 170. బాల్కనీ వైపు 1.6. నీళ్లు చల్లాక 0.00, మల్టీమీటర్‌లో 85 ఓమ్‌లు. కుడివైపు లైటు విప్పితే గోడకి బిగించిన ఇనుప పట్టీ తుప్పు పట్టి ఉంది. న్యూట్రల్ మెలిపెట్టిన జాయింటుకి చుట్టిన టేపు జారిపోయి, రాగి కొస సరిగ్గా ఆ తుప్పు మీద ఆనుకుని ఉంది. పట్టీకి ఎర్త్ ఉంది. పై స్క్రూ బొక్కలోంచి నీళ్లు కారిన చార కూడా కనబడుతోంది.

న్యూట్రల్_నాయుడు
ఎండిన తుప్పు కరెంటుని ఆపుతుంది, తడిసిన తుప్పు పోనిస్తుంది. ఇక అనుమానం లేదు.

టేపు మళ్లీ చుట్టొద్దు. తీగ కొస కోసి కొత్త రాగి తీసి, లివర్ కనెక్టర్‌లో పెట్టి, జెల్ నింపిన బాక్సులో పెట్టండి. పట్టీ మార్చండి. లైటు గోడకి ఆనే పై అంచూ రెండు పక్కలూ సిలికాన్ పెట్టి కింది అంచు ఖాళీగా వదలండి. చుట్టూ మూసేస్తే లోపల చేరిన నీరు బయటికి పోదు, మళ్లీ ఇదే కథ. తీగ లైటులోకి పోయే ముందు కిందకి ఒక వంపు తిరిగితే నీటి చుక్క అక్కడే రాలిపోతుంది.

కరీంనగర్_కరెంటోడు
ఎడమ దిక్కు లైటు కూడా విప్పి చూడుండ్రి. ఒకే చేత్తో చేసిన పని ఒకే తీరుంటది.

గోదారి_వైర్‌మ్యాన్
డీబీ విప్పే ఉంది కదా, 12 వోల్టుల వైపు కూడా కొలిపించెయ్యండి. మళ్లీ మనిషిని పిలవడం ఎందుకు.

కరీంనగర్_కరెంటోడు
12 వోల్టులకు మెగ్గర్ ఏందన్నా! దానికి ఎవడు సస్తడు? దాని కోసం పూట పాడు చేసుకునుడు ఎందుకు?

ఓమ్_శాంతి
షాక్ కోసం కాదు, నిప్పు కోసం. 60 వాట్ల స్ట్రిప్ 230లో పావు ఆంపియరు, 12లో 5 ఆంపియర్లు. అక్కడ వదులు జాయింటు ఉంటే వేడెక్కేది ఆ 5 ఆంపియర్లకి. ఎంసీబీకి అసలు కనబడదు. ఆర్‌సీసీబీకి కూడా కనబడదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఏం జరిగినా ఇవతల ఫేజ్, న్యూట్రల్ సమానంగానే ఉంటాయి. అంటే ఆ వైపుకి కాపలా ఎవరూ లేరు, కొలత తప్ప.

రెండోది, 12 వోల్టుల తీగ, 230 తీగ ఒకే గొట్టంలో లాగేసి ఉంటారు సీలింగ్ వాళ్లు. స్ట్రిప్‌తో వచ్చే సన్నటి ఎరుపు-నలుపు తీగ ఇన్సులేషన్ 230కి చేసింది కాదు. ఆ రెండూ రాసుకుని తెగితే మీ పన్నెండు వోల్టుల స్ట్రిప్ మీద 230 కూర్చుంటుంది. అల్యూమినియం పట్టీ చెయ్యి పెడితే అందే ఎత్తులో ఉంటుంది.

గోదారి_వైర్‌మ్యాన్
పద్ధతి ఇదండీ. స్ట్రిప్ ఊడదీయాలి, డిమ్మర్, రిమోట్ కంట్రోలర్ ఉంటే అవి కూడా. అవి 250కే చచ్చిపోతాయి. ఎస్‌ఎంపీఎస్ అవుట్‌పుట్ కూడా విప్పాలి. మిగిలింది ఉత్త తీగ. దాని మీద 250 డీసీ: ప్లస్-మైనస్ మధ్య, రెండూ కలిపి ఎర్త్‌కి, రెండూ కలిపి అదే గొట్టంలో ఉన్న 230 తీగలకి. కనీసం 0.5 అని రాసున్నా, అంత చిన్న తీగకి వందల్లో రావాలి.

ట్రాన్స్‌ఫార్మర్లని బల్ల మీద పెట్టి విడిగా కొలవాలి. చుట్టలదైతే ప్రైమరీ రెండు కొసలూ కలిపి, సెకండరీ రెండు కొసలూ కలిపి, మధ్యలో 500. తర్వాత ప్రైమరీ-కోర్, సెకండరీ-కోర్. బాగున్నది వందల మెగోమ్‌లు చూపిస్తుంది. కొసలు కలపకుండా ఒక్కో కొసకి పెట్టొద్దు. ఎలక్ట్రానిక్ రకానికీ అంతే, ఫేజ్ న్యూట్రల్ ఒక ముడి, అవుట్‌పుట్ రెండూ ఒక ముడి.

డీబీ_డబ్బా
ఆ బల్ల పరీక్షలో ఇంకో గుట్టు బయటపడుతుంది. డౌన్‌లైట్లతో వచ్చే చవక డ్రైవర్లు కొన్ని ఐసోలేషన్ లేనివి. అవుట్‌పుట్ మీద 40 వోల్టులని రాసి ఉంటుంది, కానీ అది 230తో నేరుగా ముడిపడి ఉంటుంది. ముడి-ముడి మధ్య సున్నాకి దగ్గరగా వస్తే అది అలాంటిదే. పాడైపోలేదు, దాని తయారీయే అంత. దాని అవుట్‌పుట్ తీగని 230 తీగలాగే చూసుకోవాలి, లోహపు పట్టీల మీద, బాత్‌రూమ్ అద్దం వెనక అసలు పెట్టకూడదు. ఎస్‌ఈఎల్‌వీ (230 నుంచి పూర్తిగా వేరుచేసిన తక్కువ వోల్టేజీ) అని రాసి ఉన్నదే అక్కడ వాడాలి.

కొత్తగా_చేరా
ఆ 12 వోల్టుల మైనస్‌ని ఎర్త్‌కి కలిపేస్తే ఇంకా భద్రం కాదా? కారులో అలాగే ఉంటుందిగా.

ఓమ్_శాంతి
వద్దు. ఇంట్లో ఆ వైపు భద్రత అంతా అది దేనికీ తగలకుండా ఉండడంలోనే ఉంది. ఎర్త్‌కి కలిపితే ఇంట్లో వేరే చోట లీకేజీ అయినప్పుడు ఎర్త్ మీదకి వచ్చే వోల్టేజీ మీ స్ట్రిప్ పట్టీ మీదకీ వస్తుంది. తగలకుండా ఉంటే ఒక చోట తప్పు జరిగినా ఏమీ కాదు. అయితే ఆ మొదటి తప్పు ఎవరికీ కనబడదు కాబట్టే కొలవమంటున్నది.

కొండాపూర్_కిట్టు
పూజగది ట్రాన్స్‌ఫార్మర్ మూడు కొలతల్లోనూ 200 పైన. షోకేసువి ఆరూ బాగున్నాయి. హాలు మొదటి స్ట్రిప్ తీగ 200 పైన. రెండో దానిది ప్లస్-ఎర్త్ 0.00! సీలింగ్ అంచు పక్కన బల్బు పెట్టి చూస్తే జింక్ పూత చానెల్‌కి బిగించిన స్క్రూ తీగలోంచే దిగి ఉంది. ఇన్నాళ్లూ లైటు మామూలుగానే వెలుగుతోంది.

కరీంనగర్_కరెంటోడు
సరే, ఒప్పుకుంటున్న. గిది నేనైతే చూసేటోణ్ని కాదు.

ఓమ్_శాంతి
చానెల్ ఎక్కడో ఎర్త్ ఉన్న లోహానికి తగులుతోంది కాబట్టి కొలతలో పడింది, లేకపోతే అదీ పడదు. ప్లస్ చానెల్ మీద ఉంది, మైనస్ ఇంకో చోట తగిలి ఉంటే 5 ఆంపియర్లూ చానెల్‌లోంచి పోయేవి. మంచి ఎస్‌ఎంపీఎస్ అయితే ఆగి ఆగి వెలుగుతుంది, చవకది అలాగే తోసేస్తూ ఉంటుంది. ఆ ముక్క తీగ తీసేసి, చానెల్ దాటే ప్రతిచోటా స్లీవు తొడిగి కొత్తది వేయించండి. చానెల్ అంచులు బ్లేడులా ఉంటాయి. సన్న తీగ బదులు 1 చదరపు మిల్లీమీటరు ఎఫ్‌ఆర్ (మంట పాకనివ్వని) తీగ అయితే వోల్టేజీ కూడా తక్కువ పడుతుంది.

పాత_లైసెన్సు
పాత హాలోజన్ 50 వాట్ల ఎంఆర్16లు ఉన్న ఇళ్లలో హోల్డర్ వెనక తీగ వంచి చూడండి. వేడికి పీవీసీ పెళుసై, వంచితే పెంకులా రాలుతుంది. కదిలించకుండా కొలిస్తే 100 మెగోమ్, కదిలిస్తే సున్నా. మామూలు పీవీసీ 70 డిగ్రీలది. అక్కడ సిలికాన్ తీగే వాడాలి.

కొండాపూర్_కిట్టు
అన్నీ సరిచేశాక: హాలు-బాల్కనీ న్యూట్రల్-ఎర్త్ 160, బాల్కనీ మీద నీళ్లు చల్లాక కూడా 150. అన్నీ తిరిగి కట్టి, గీజరూ ఇస్త్రీపెట్టే ఒకేసారి వేశాం, వానలో కూడా ఆర్‌సీసీబీ నిలిచింది. సీలింగ్ కోయలేదు.

ఒక్క ప్రశ్న. ఇంకో పది డౌన్‌లైట్లు వేయించే ఆలోచన ఉంది. డ్రైవర్లు పెరిగితే మళ్లీ పడుతుందా?

న్యూట్రల్_నాయుడు
పది పెరిగితే పడదు గానీ లెక్క చూసుకోవాలి. ఎర్త్‌కి కెపాసిటర్లున్న డ్రైవర్ ఒక్కోటి పావు నుంచి అర మిల్లీ ఆంపియరు ఎప్పుడూ వదులుతూనే ఉంటుంది. అది మెగ్గర్‌కి దొరకదు, ఎందుకంటే డీసీని కెపాసిటర్ ఆపేస్తుంది. మిల్లీ ఆంపియర్లు చూపించే లీకేజీ క్లాంప్ మీటరుతో, ఆర్‌సీసీబీ దాటాక ఫేజ్ న్యూట్రల్ రెండూ కలిపి దవడలో పెట్టి చూడాలి. అన్నీ ఆన్‌లో ఉండగా 9 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే నిశ్చింత. దాటితే లైట్లకి వేరే ఆర్‌సీసీబీ పెట్టించండి, అయితే ఆ సర్క్యూట్ల న్యూట్రళ్లని కూడా ఆ కొత్త దాని లింకులోకే మార్చాలి. ఫేజ్ ఒకదాని మీద, న్యూట్రల్ ఇంకోదాని మీద ఉంటే లైటు వేయగానే రెండూ పడతాయి.

ఫేజుటెస్టర్
ఎస్‌పీడీ కార్ట్రిడ్జి తిరిగి పెట్టారా కిట్టుగారూ?

కొండాపూర్_కిట్టు
ఇప్పుడే చూశా, టీవీ పక్కన ఉంది. పెట్టేస్తున్నా.

ఫేజుటెస్టర్
ఐసోలేటర్ ఆపి పెట్టండి. పెట్టాక దాని కిటికీలో పచ్చ కనబడాలి, ఎరుపు ఉంటే కార్ట్రిడ్జి మార్చాలి.